ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది... మరి ఈ ఆయాసం ఎందుకు?

కరోనా వెళ్లిపోయింది గానీ, అప్పుడు కొన్న ఆక్సీమీటర్ మాత్రం చాలా ఇళ్లల్లో అలమారాలోనే ఉండిపోయింది. ఎవరికి కాస్త ఆయాసం వచ్చినా దాన్ని తీసి వేలికి తగిలిస్తాం. 97, 98 అని కనబడితే హమ్మయ్య అనుకుంటాం. "ఏం లేదు, అంతా బాగానే ఉంది" అనేస్తాం.

ఒక ఇంటిని ఊహించుకోండి. రెండో కాన్పయి ఏడాది కూడా కాని కోడలు. బిందెతో నీళ్లు తీసుకుని మేడమెట్లు ఎక్కితే గుండె దడదడ కొట్టుకుంటోంది. వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ముఖం పాలిపోయింది. "అత్తమ్మా, ఊపిరి ఆడట్లేదు" అంటే వేలికి మిషన్ పెట్టి చూశారు. 98. "బాగానే ఉంది కదా బేటీ, నీరసం అంతే. వేడిగా చాయ్ తాగి పడుకో" అన్నారు. కొన్ని నెలల తర్వాత ఇంకేదో పనిమీద ఆస్పత్రికి వెళ్తే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7.

మరి మిషన్ తప్పు చెప్పిందా? లేదు. రిపోర్టు తప్పా? అదీ కాదు. రెండూ నిజమే. ఈ రెండు అంకెలూ ఒకే ఒంట్లో ఒకేసారి ఎలా ఉండగలవో అర్థం కావాలంటే, మన రక్తం ఆక్సిజన్‌ను ఎలా మోస్తుందో తెలుసుకోవాలి. ఇది డాక్టర్లకే వదిలేసే విషయం కాదు. ఇంట్లో ఆడవాళ్ల ఆరోగ్యం, పుట్టబోయే పిల్లల ఆరోగ్యం దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

నీళ్లతో కాని పని

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు పంపు చేస్తుంది. అంటే ఉన్న రక్తమంతా నిమిషానికోసారి ఒళ్లంతా తిరిగి వస్తున్నట్టే.

ఏ పనీ చేయకుండా కూర్చున్నా మన శరీరానికి నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. మెదడు, గుండె, కండరాలు, మూత్రపిండాలు... ప్రతి కణమూ ఆ ఆక్సిజన్‌తోనే తిన్న తిండి నుంచి శక్తిని తీసుకుంటుంది. అది అందకపోతే మెదడు కణాలు కొన్ని నిమిషాల్లోనే దెబ్బతింటాయి.

అసలు చిక్కు ఏమిటంటే, ఆక్సిజన్ నీళ్లలో సరిగ్గా కరగదు. రక్తంలోని నీటి భాగంలో, అంటే ప్లాస్మాలో, 100 మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. ఆ లెక్కన 5 లీటర్లు తిరిగినా 15 మిల్లీలీటర్లే అందుతుంది. కావాల్సింది 250. అంటే రక్తం ఒట్టి నీళ్లలాంటిదే అయితే మనం బతికే దారే లేదు.

ఈ లోటు తీర్చేదే హిమోగ్లోబిన్. అది ఉండబట్టే 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. అరవై రెట్లకు పైగా ఎక్కువ.

నాలుగు సీట్ల ఆటో

హిమోగ్లోబిన్‌ను ఒక షేర్ ఆటో అనుకోండి. అందులో సరిగ్గా నాలుగు సీట్లు. ఒక్కో సీటులో ఒక్కో ఇనుము అణువు. మనం తినే తిండిలోంచి వచ్చే ఇనుమే అది. ఊపిరితిత్తుల దగ్గర ఆటోస్టాండ్ ఉంటుంది. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్ అక్కడ వచ్చి ఆ ఇనుమును పట్టుకుని కూర్చుంటుంది. ఒక్కో సీటుకు ఒక్కో ఆక్సిజన్.

ఇందులో ఒక తమాషా ఉంది. మొదటి సీటు నిండడమే కష్టం. ఒకటి ఎక్కగానే హిమోగ్లోబిన్ ఆకారం కాస్త మారి, మిగతా సీట్లు సులువుగా నిండుతాయి. దిగేటప్పుడూ అంతే, ఒకటి దిగితే తర్వాతది తేలిగ్గా దిగుతుంది. హిమోగ్లోబిన్ ఆకారాన్ని ఎక్స్‌రేల సాయంతో ఏళ్ల తరబడి పరిశోధించి చూపించిన మాక్స్ పెరుట్జ్‌కు 1962లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఆటోలు రక్తంలో విడివిడిగా తిరగవు. ఎర్ర రక్తకణాల్లో కుక్కి ఉంటాయి. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్‌లు ఉంటాయి. వీటికి చోటివ్వడం కోసం ఎర్ర రక్తకణం తయారయ్యేటప్పుడే తన కేంద్రకాన్ని కూడా బయటికి పారేస్తుంది. చూడ్డానికి మధ్యలో వేలితో నొక్కిన గారెలా ఉంటుంది, కాకపోతే బెజ్జం ఉండదు. అలా పల్చగా ఉండటం వల్ల ఆక్సిజన్ లోపలికి, బయటికి త్వరగా పోగలదు. వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల్లోంచి కూడా కణం వంగి, నలిగి దూరిపోగలదు.

ఒక పెద్దమనిషి ఒంట్లో ఇలాంటి కణాలు సుమారు 25 లక్షల కోట్లు ఉంటాయి. ఒక్కోటి దాదాపు 120 రోజులు పనిచేసి అరిగిపోతుంది. అందుకే ఎముకల్లోని మూలుగ ప్రతి సెకనుకూ 20 లక్షలకు పైగా కొత్త కణాలను తయారు చేస్తూనే ఉంటుంది. మీరు ఈ వాక్యం చదివే లోపే కోటికి దగ్గరగా తయారై ఉంటాయి. పాత కణాల్లోని ఇనుమును శరీరం పారేయదు, దాచి మళ్లీ వాడుకుంటుంది. కానీ రక్తం బయటికి పోతే మాత్రం దాంతోపాటు ఇనుమూ పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఎక్కడ దించాలో దానికెలా తెలుసు?

ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి సీట్లు నిండుతాయి. కండరాల దగ్గర, మెదడు దగ్గర ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి సీట్లు ఖాళీ అవుతాయి. అంతవరకు తేలికే. కానీ పని చేస్తున్న చోట ఎక్కువ, ఖాళీగా ఉన్న చోట తక్కువ ఎలా దించుతుంది?

పని చేసే కండరం కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, ఆమ్లాన్ని తయారు చేస్తుంది, వేడెక్కుతుంది. ఈ మూడూ కలిసి హిమోగ్లోబిన్ పట్టును సడలిస్తాయి. దాంతో అక్కడే ఎక్కువ ఆక్సిజన్ దిగుతుంది. ఇందులో కార్బన్ డయాక్సైడ్ పాత్రను 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్, ఆయన సహచరులు కనిపెట్టారు. రొట్టెలు చేసే చేతికి, మెట్లెక్కే కాళ్లకు ఎవరూ చెప్పకుండానే ఎక్కువ ఆక్సిజన్ అందేది ఇందుకే.

ఇంకో సంగతి. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు నాలుగు సీట్లలో సగటున ఒక్కటే ఖాళీ అవుతుంది. మిగతా మూడూ నిండుగానే తిరిగొస్తాయి. అది మన పొదుపు. పరుగెత్తినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, కాన్పు నొప్పులప్పుడు ఆ పొదుపులోంచే వాడుకుంటాం.

బోర్‌కు ఎన్నో శతాబ్దాల ముందు

రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వస్తుందన్న సంగతి మొదట రాసిపెట్టింది ఎవరో మన పిల్లలకు తప్పక చెప్పాలి. రోమన్ల కాలం నాటి వైద్యుడు గాలెన్, మన హకీములు జాలీనూస్ అని పిలిచే ఆయన, గుండె కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా పోతుందని చెప్పాడు. వెయ్యేళ్లకు పైగా అందరూ అదే నమ్మారు.

డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేసిన ఇబ్నుల్ నఫీస్ మాత్రం ఒప్పుకోలేదు. 1242లో, తనకు ముప్పై ఏళ్లు కూడా నిండకముందే, బూ అలీ సీనా వైద్య గ్రంథంలోని శరీర నిర్మాణ భాగాలకు వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ గట్టిది, అందులో రంధ్రాల్లేవు అని స్పష్టంగా చెప్పాడు. కుడి గదిలోని రక్తం ఊపిరితిత్తులకు వెళ్లి, అక్కడ గాలితో కలిసి, ఎడమ గదికి చేరుతుందని వివరించాడు. రక్త ప్రసరణపై ఇంగ్లాండ్ వైద్యుడు విలియం హార్వే ప్రసిద్ధ పుస్తకం వచ్చింది 1628లో. ఇబ్నుల్ నఫీస్ రాతప్రతి మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది. 1924లో ఈజిప్టుకు చెందిన వైద్యుడు ముహ్యుద్దీన్ అల్ తతావీకి అది బెర్లిన్ గ్రంథాలయంలో కనిపించాకే ప్రపంచానికి మళ్లీ తెలిసింది.

పెద్దలు చెప్పిందని ఊరుకోకుండా ప్రశ్నించి చూశాడు కాబట్టే ఆయనకు నిజం దొరికింది. ఇప్పుడు మనం కూడా మన 98ని ప్రశ్నిద్దాం.

మిషన్ లెక్కపెట్టేది ఏమిటి?

ఆక్సిజన్ ఎక్కిన హిమోగ్లోబిన్ ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ దిగిపోయినది ముదురు ఎరుపులోకి మారుతుంది. ఆక్సీమీటర్ వేలిలోంచి రెండు రకాల కాంతిని పంపి, ఆ రంగు తేడాను బట్టి ఎంత శాతం సీట్లు నిండాయో చెబుతుంది. అంతే. (వేలికొనల నిండా ముదురు మెహందీ గానీ నెయిల్ పాలిష్ గానీ ఉంటే ఒక్కోసారి రీడింగ్ సరిగ్గా రాదు. వేరే వేలికి పెట్టి చూడండి.)

స్టాండ్‌లో 14 ఆటోలున్నాయి, అన్నీ నిండాయి. మిషన్ 98 అంటుంది. ఇంకో స్టాండ్‌లో ఏడే ఆటోలున్నాయి, అవీ నిండాయి. అక్కడా మిషన్ 98 అనే అంటుంది. ఉన్న ఆటోలు నిండాయా లేదా అన్నదే దానికి తెలుసు. అసలు ఎన్ని ఆటోలున్నాయో దానికి తెలియదు.

లెక్క చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. హిమోగ్లోబిన్ 14 ఉన్నవారికి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 18.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 7 ఉన్నవారికి అందులో సగమే, సుమారు 9. ఆ సగంతోనే ఇల్లంతా నడపాలి కాబట్టి గుండె వేగం పెంచుతుంది. ఉన్న కొద్ది ఆటోలతోనే ఎక్కువ ట్రిప్పులు కొడుతుంది. ఆ కోడలి గుండె దడ అదే. కూర్చున్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. మెట్లెక్కేటప్పుడు తీయడానికి పొదుపు మిగల్లేదు. అది బద్ధకం కాదు, నాటకం అసలే కాదు.

సీటు కబ్జా చేసే గ్యాస్

ఆక్సీమీటర్ మోసపోయే ఇంకో సందర్భం ఉంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా, గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ వెలిగించినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హిమోగ్లోబిన్ సీటును అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, ఓ పట్టాన దిగదు. మామూలు ఆక్సీమీటర్ దాన్ని కూడా ఆక్సిజనే అనుకుని మంచి అంకెనే చూపిస్తుంది.

గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి, మత్తు అనిపిస్తే మిషన్ వెతక్కండి. వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లండి. చలికాలం రాత్రి తలుపులు, కిటికీలు మూసి కుంపటితో పడుకోవద్దు. గీజర్ ఉన్న బాత్రూంలో గాలి పోయే దారి ఉండాలి.

మాంసం తినే ఇంట్లో రక్తహీనతా?

ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12కి, గర్భిణులకు 11కి, మగవాళ్లకు 13కి తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే సగం కన్నా ఎక్కువ మంది.

"మేం మాంసం తినేవాళ్లం, మాకెందుకు వస్తుంది?" అని చాలామంది అంటారు. మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుందన్నది నిజమే. కానీ దస్తర్‌ఖాన్ మీద ముందు కూర్చునేది ఎవరు? ముక్కలు ఎవరి పళ్లెంలో పడుతున్నాయి? ఆఖరున తినే ఇల్లాలికి చాలాసార్లు మిగిలేది శోర్వా, అన్నమే. పైగా నెలనెలా పోయే రక్తం, కాన్పులో పోయే రక్తం, కాన్పుకూ కాన్పుకూ మధ్య తక్కువ ఎడం, పిల్లలకైతే కడుపులో నులిపురుగులు. ఇందాక చెప్పుకున్నట్టు, రక్తంతోపాటు ఇనుమూ బయటికి పోతుంది.

ఇంకో దొంగ మన చాయ్. అన్నంతోపాటు గానీ తిన్న వెంటనే గానీ తాగితే, చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చాయ్ మానేయక్కర్లేదు. తిన్నాక కనీసం ఒక గంట ఆగండి, చాలు. ఇఫ్తార్ తర్వాతైనా అంతే. దానికి బదులు భోజనంలో నిమ్మకాయ పిండుకుంటే, జామకాయో ఉసిరికాయో తింటే, విటమిన్ సి వల్ల ఇనుము బాగా పడుతుంది.

ఖీమా, కలేజీ, పప్పులు, తోటకూర, రాగులు మంచివి. కలేజీలో విటమిన్ ఏ బాగా ఎక్కువ కాబట్టి గర్భిణులు మాత్రం అది తినే ముందు డాక్టర్‌ను అడగాలి. ఖర్జూరం మంచి ఆహారమే గానీ, రెండు ఖర్జూరాలతో హిమోగ్లోబిన్ పెరగదు, అందులో ఇనుము తక్కువే. బీట్‌రూట్ ఎర్రగా ఉందని అది రక్తమైపోదు.

హిమోగ్లోబిన్ బాగా తగ్గాక తిండి ఒక్కటే సరిపోదు, మాత్రలు కావాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాటిని పాలతో, చాయ్‌తో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. మలం నల్లగా వస్తే భయపడొద్దు, ఆ మాత్రలకు అది మామూలే. కడుపులో తిప్పితే మానేయకుండా డాక్టర్‌కు చెప్పండి, మందు మారుస్తారు. అంకె పెరిగింది కదా అని వెంటనే ఆపొద్దు. ఒంట్లో ఇనుము నిల్వలు నిండటానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. మగవాళ్లకు గానీ, నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లకు గానీ హిమోగ్లోబిన్ తగ్గితే, కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో తప్పక చూపించుకోవాలి.

గర్భిణుల విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. కాన్పులో రక్తం పోవడం సహజం. 12 ఉన్న తల్లి తట్టుకునేంత రక్తస్రావం, 7 ఉన్న తల్లి ప్రాణం మీదికి తేవచ్చు.

నికాహ్‌కు ముందు ఒక్క పరీక్ష

కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులు పనిచేయవు కదా, ఆక్సిజన్ ఎలా అందుతుంది? బిడ్డ హిమోగ్లోబిన్ వేరే రకం. అది తల్లి హిమోగ్లోబిన్ కన్నా గట్టిగా ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అందుకే తల్లి రక్తం నుంచి లాక్కోగలుగుతుంది. పుట్టిన తర్వాత నెమ్మదిగా అది తగ్గి, పెద్దవాళ్ల రకం తయారవుతుంది.

సరిగ్గా ఇక్కడే తలసీమియా బయటపడుతుంది. ఈ జబ్బున్న పిల్లలకు పెద్దవాళ్ల రకం హిమోగ్లోబిన్ సరిగ్గా తయారు కాదు. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డ, ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోకుండా మళ్లీ వేరే మందులు వాడాలి.

తల్లిదండ్రులిద్దరూ ఈ లోపాన్ని మోస్తున్నవాళ్లయితేనే ఇలా జరుగుతుంది. వాళ్లకు పైకి ఏ జబ్బూ ఉండదు, మహా అయితే హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంటుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదన్న హామీ ఏమీ లేదు. దగ్గరి బంధువుల్లో సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. అందుకని బంధుత్వాన్ని తప్పుపట్టక్కర్లేదు, పరీక్ష చేయించుకుంటే చాలు.

మామూలు సీబీపీ పరీక్షలోనే కొంత సూచన దొరుకుతుంది. ఎర్ర కణాల లెక్క బాగానే ఉండి, కణాల సైజు మాత్రం బాగా చిన్నగా ఉంటే డాక్టర్‌కు అనుమానం వస్తుంది. ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోవడం ఇంకో సూచన. అప్పుడు హెచ్‌బీఏ2 పరీక్ష చేస్తే తేలిపోతుంది. జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు. సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు కట్నకానుకల మాటలకన్నా ఈ రిపోర్టు గురించి అడగడం మేలు. పెళ్లయిపోయి ఇద్దరిలోనూ లోపం ఉందని తెలిసినా, గర్భం వచ్చిన తొలి నెలల్లోనే శిశువుకు పరీక్ష చేసే వీలుంది. వెంటనే డాక్టర్‌ను కలవాలి.

హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. ఇలాంటి పిల్లలకు రక్తం ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు, మనుషులే ఇవ్వాలి. వయసు 18 దాటి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. రంజాన్‌లో ఉపవాసం వల్ల చాలామంది ఇవ్వలేరు, పిల్లలకు మాత్రం ఆ నెలలోనూ రక్తం కావాలి. కాబట్టి షాబాన్ నెలాఖరులో ఒకసారి వెళ్లి ఇచ్చి రావచ్చు. రంజాన్‌లో ఇవ్వాలనుకుంటే ఇఫ్తార్ అయ్యాక, బాగా తిని, నీళ్లు తాగాక వెళ్లండి.

చివరగా ఆక్సీమీటర్ గురించి. దాన్ని పారేయక్కర్లేదు. ఊపిరితిత్తుల జబ్బుల్లో అది ప్రాణాలు కాపాడింది, ఇంకా కాపాడుతుంది. కానీ ఇంట్లో ఆడబిడ్డ ఆయాసం అంటే దాని అంకె చూసి ఊరుకోవద్దు. కింది కనురెప్పను కాస్త కిందికి లాగి చూడండి, లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉందేమో. ఉన్నా లేకపోయినా, ఒక్కసారి సీబీపీ చేయించండి. తర్వాత దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఆమె కూడా అందరితో కలిసి కూర్చుని తినేలా చూడండి.